తల లేని పెళ్ళికొడుకు

"ఆ కదిలే మెట్లలో నీ సున్నీ ఇరుక్కుంటే ఏటి సేత్తావే?"

ఆదివారం పొద్దున్న, పొయ్యి మీద ఉప్మా అడుగంటుతున్న సంగతి కూడా మరిచిపోయి పైడితల్లి వేసిన ప్రశ్న అది. జడ వేసుకుంటున్న నిఖిత అద్దంలోంచే తల్లి వంక చూసింది.

"సున్నీ ఏసుకోనమ్మా. జీన్సేసుకుంటన్నాను."

"జీన్సిరుక్కుంటే?"

"లిఫ్టులో ఎల్తాను."

"కరెంటు పోతే?"

"జనరేటరుంటాది."

"అది పేలిపోతే?"

నిఖిత దువ్వెన కింద పెట్టేసింది. పైడితల్లి బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా లోకజ్ఞానమంతా ఫోన్‌లో వచ్చే వీడియోల వల్ల సంపాదించుకున్నది. ఆ వీడియోల్లో ఇంట్లోంచి బయటికి వెళ్ళినవాళ్ళెవరూ క్షేమంగా తిరిగి రారు.

గోపాలపట్నంలో రెండు గదుల అద్దె ఇల్లు వాళ్ళది. పైడితల్లి భర్త తవిటయ్య హార్బర్‌లో బొగ్గు దించే క్రేను నడుపుతాడు. నిఖిత ఇంటర్ రెండో సంవత్సరం. వారమంతా కాలేజీలో తెల్లారి, కాలేజీలోనే పొద్దుగూకే ఆ పిల్లకి ఆదివారమొక్కటే సెలవు. ఆ ఒక్కరోజూ తన స్నేహితురాలు గజాలాతో కలిసి సిటీలో మాల్‌కి పోతుంది. పైడితల్లికి అర్థం కానిదల్లా ఒక్కటే.

"అంతసేపూ అక్కడ ఏటి కొంటారే?"

"ఏటీ కొనం."

"ఏటీ కొనకపోతే లోపలికెందుకు రానిత్తారు? అంత సల్లగాలి ఊరికినే ఎవలిత్తారే? ఇందులో ఏదో ఉంది."

అందులో ఏమీ లేదు. ఇద్దరూ కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ తిరుగుతారు. అంగట్లో సెంటు సీసాలు ఒక్కోటీ మణికట్టు మీద కొట్టించుకుని వాసన చూస్తారు. ఒక్క కూల్‌డ్రింకు కొని రెండు గొట్టాలు వేసుకుని గంటసేపు తాగుతారు. బట్టల షాపుల్లోకి వెళ్ళి ఖరీదైనవన్నీ తొడుక్కుని, ఫొటోలు దిగి, విప్పి, మడతపెట్టి ఇచ్చేసి, "సైజు కుదరలేదండీ" అని చెప్పి వచ్చేస్తారు. ఇదంతా చెబితే తల్లికి ఇంకో పది అనుమానాలు వస్తాయని నిఖిత చెప్పలేదు.

"గంట గంటకీ ఫోన్ సేత్తాను. సరేనా?" అని మాటిచ్చి వెళ్ళిపోయింది.

మొదటి గంట ఫోన్ వచ్చింది. రెండో గంటా వచ్చింది. మధ్యాహ్నం రావలసిన ఫోన్ రాలేదు. పైడితల్లి కాసేపు ఓర్చుకుని, తర్వాత ఓర్చుకోలేక ఫోన్ తీసి చూసేసరికి కూతురు పెట్టిన స్టేటస్ కనబడింది.

ఎర్రటి లెహంగా. జరీ అంచు మేలిముసుగు. నుదుటి మీద పాపిటబిళ్ళ. సిగ్గుపడుతూ నవ్వుతున్నది తన కూతురే. పక్కన బంగారు రంగు షేర్వానీ వేసుకుని, మెడలో ముత్యాల హారాలతో ఒక మనిషి. మంచి పొడగరి. భుజాలు బాగున్నాయి. ఫొటోలో తల మాత్రం పడలేదు. కింద ఒక హృదయం బొమ్మ, ఒక ఉంగరం బొమ్మ.

"తల కనపడకండా ఎంత జాగర్త పడ్డాడో దొంగసచ్చినోడు!" అంది పైడితల్లి పైకే. అని, కూలబడింది.

నిఖిత ఫోన్ స్విచాఫ్. గజాలాకి అసలు ఫోనే లేదు. ఇంటర్ అయ్యేదాకా ఇవ్వనని వాళ్ళమ్మ పట్టు. తవిటయ్య ఫోన్ ఉన్నా లేనట్టే, డ్యూటీ ఎక్కేముందు దాన్ని ఆఫ్ చేసి గేటు దగ్గర పెట్టెలో పడేసి పోవాలి. పైడితల్లి అతనికి వాయిస్ మెసేజ్ పెట్టింది. "డ్యూటీ దిగ్గానే సిటీలో మాల్ కాడికొచ్చీ. ఎందుకో ఫోన్లో సెప్పనేను." చివర్లో వెక్కిళ్ళు కూడా రికార్డయ్యాయి.

వెంట ఒక మగమనిషి ఉంటే మంచిదనిపించి సబ్బవరంలో ఉన్న తమ్ముడు వరహాలుకి ఫోన్ చేసింది. చేశాకే నాలుక కరుచుకుంది. వరహాలు ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. అతని వీధరుగు మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ ఆ ఫోన్‌లో వాటా ఉంది. పైగా వరహాలు మనసులో మాట ఎప్పుడూ ఒకటే. "ఇంటర్ సాలప్పా, పిల్లకి సంబందం సూసీద్దాం" అంటాడు. ఈ సంగతి ఒక్క ముక్క బయటికి పొక్కిందా, నిఖిత చదువు ఈ రోజుతో సరి. కూతురు దొరకాలి, దొరికిందని తప్ప ఎందుకు వెతికారో ఎవరికీ తెలియకూడదు.

"తమ్ముడూ, ఓపాలి సిటీలో మాల్ కాడికి వత్తావేట్రా?"

"ఏటయ్యిందప్పా?"

"ఫోన్లో సెప్పనేను."

అటు అరుగు మీద ఒక్కసారిగా మాటలాగిపోయాయి.

"నిఖిత బాగున్నాదా?"

"దానికేటి! బంగారంనాగుంది! దాని పేరెత్తకు!" అంది పైడితల్లి గబగబా.

"మరి... బావ?"

బావ అనేసరికి, సాయంత్రం ఆ మనిషి ముఖం ఎలా చూడాలోనన్న తలపొచ్చి పైడితల్లి బావురుమంది. ఫోన్ పెట్టేసింది.

వాళ్ళ చుట్టాల్లో చావుకబురు ఫోన్‌లో చెప్పే ఆచారం లేదు. పోయిన మనిషిని కూడా ముందు "కాస్త నలతగా ఉన్నాడు" అంటారు. వచ్చినవాళ్ళు గుమ్మంలో కాళ్ళు కడుక్కునేదాకా అసలు మాట నోట రానివ్వరు. వరహాలు సొంత తండ్రి పోయినప్పుడూ అంతే జరిగింది. అందుకని అక్క ఫోన్‌లో చెప్పలేనన్నప్పుడే అతనికి సగం అర్థమైంది. బావకి ఫోన్ చేస్తే స్విచాఫ్. మిగతా సగమూ అర్థమైపోయింది.

అరుగు మీదే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న పోతమ్మ, అదే వీధిలో ఉండే తవిటయ్య కన్నతల్లి, అందరి ముఖాలూ చూసి చేతిలో చింతపండు వదిలేసింది.

"మాల్ కాడికి రమ్మన్నాదేట్రా?" అన్నారెవరో.

"పెద్దాసుపత్రికి దగ్గరే కదా. అక్కడే అప్పగిత్తారు కావాల" అన్నాడు వరహాలు, కండువా నోట్లో కుక్కుకుంటూ.

కూరగాయలు తోలే దాలయ్య వ్యాన్‌లోంచి వంకాయల బుట్టలు దిగాయి, చుట్టాలు ఎక్కారు. పెందుర్తిలో ఆపి ఒక పెద్ద బంతిపూల దండ కొన్నారు.

ఇవతల పైడితల్లి తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ తలుచుకుంటూ ఆటోలో మాల్‌కి చేరింది. గజాలా తల్లి మెహబూబ్ బీ అప్పటికే గేటు దగ్గర తాపీగా నిలబడి ఉంది. వన్‌టౌన్‌లో ఆమె భర్త నజీర్ అహ్మద్‌కి టైలరింగ్ దుకాణం. పైడితల్లి చేసిన ఫోన్ అందుకుని దగ్గరే కదా అని వచ్చేసింది.

"అరే, ఎందుకమ్మా ఏడుపు? మా గజాలా కూడా ఉంది కదా. ఇద్దరూ కలిసి ఒకడితో పోతారా ఏంటి?"

పైడితల్లి ఫొటో చూపించింది. మెహబూబ్ బీ దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి, తల లేని పెళ్ళికొడుకుని పరీక్షగా చూసింది.

"కాలర్ చూడు. చేతికుట్టు కాదు, మిషన్‌ది. ముత్యాలు కూడా ప్లాస్టిక్కే. ఏం పెద్ద స్థితిపరుడు కాదమ్మా."

ఆ మాటతో పైడితల్లికి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. లేచిపోతే పోయింది, అదీ లేనివాడితో.

గేటులో సంచీ తడిమి చూస్తున్న ఆడ గార్డుని పట్టుకుని, "తొందరగా వదలమ్మా, లోపల మా అమ్మాయుంది" అని బతిమాలింది.

"ఆదివారం అందరమ్మాయిలూ లోపలే ఉంటారమ్మా" అని ఆవిడ పక్క సంచీ అందుకుంది.

కదిలే మెట్ల ముందు పైడితల్లి ఆగిపోయింది. ఒక మెట్టు మీద కాలు పెట్టబోయేసరికి అది నేలలోంచి పుట్టి పైకి పోయింది. ఇంకోదాని మీద పెట్టబోతే అదీ పోయింది. "నా వల్ల కాదు మెహబూబక్కా" అని మామూలు మెట్లు వెతికించింది. ఎవరూ నడవని ఆ మెట్లెక్కి, ఒక్కో అంతస్తూ వెతుక్కుంటూ, ఆయాసపడుతూ మూడో అంతస్తుకి చేరేసరికి ఎదురుగా పెళ్ళిబట్టల షోరూము. గుమ్మం పక్కన, అటు తిరిగి, బంగారు రంగు షేర్వానీ!

పైడితల్లికి కాళ్ళలోకి ఎక్కడ లేని సత్తువా వచ్చింది. కొంగు నడుముకి దోపి, తల కూడా పైకెత్తకుండా వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఏరా! ఎవల పిల్లననుకున్నావురా? దాని బాబు క్రేనుతో ఎత్తి నిన్ను సముద్రంలో పడేత్తాడు!" అంటూ చెయ్యి గట్టిగా లాగింది.

చెయ్యి ఊడి వచ్చింది.

ఊడిన చేతిని పట్టుకుని పైడితల్లి మెల్లిగా పైకి చూసింది. కాలర్ ఉంది. ముత్యాలున్నాయి. వాటి మీద తల ఉండవలసిన చోట, వెనక గోడ మీది బల్బు వెలుగుతోంది. ఫొటోలో పడకపోవడం కాదు, వాడికి అసలు తలే లేదు.

"అమ్మా! నువ్వేటిక్కడ?"

ట్రయల్ రూములోంచి ఎర్ర లెహంగాతో నిఖిత వచ్చింది. వెనకాల మేలిముసుగు మోసుకుంటూ గజాలా. పైడితల్లి కళ్ళు ముందు కూతురి మెడ మీదికి పోయాయి. మెడలో ఏమీ లేదు. చేతిలోని చెయ్యి కింద పడింది.

"ఏటీ నేదే," అంది, గొంతు సర్దుకుని. "పొద్దున్న ఉప్మా మాడిపోయింది కదా, ఆకలేసుంటాదని."

"ఆ చెయ్యి ఇలా ఇవ్వండి ఆంటీ, అది మామూలుగానే ఊడుతుంది" అని గజాలా ఎంతో అనుభవంతో దాన్ని భుజానికి తగిలించేసింది. మెహబూబ్ బీ కూతురి చెవి పట్టుకుని, "ఎన్నిసార్లు ఊడగొట్టారే?" అని అడుగుతోంది.

నిఖిత ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందట. అంతే. పైడితల్లి అక్కడున్న మెత్తటి స్టూలు మీద చతికిలబడి, గుండెల నిండా చల్లగాలి పీల్చుకుంది. రెండోసారి పీల్చుకోబోతుండగా తమ్ముడు గుర్తొచ్చాడు. అప్పటికప్పుడు ఫోన్ చేసింది. వరహాలు ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

ఎత్తకుండానే అతని గొంతు వినిపించింది. కింది అంతస్తు నుంచి.

రెయిలింగు పట్టుకుని తొంగి చూస్తే, నున్నటి చలువరాతి నేల మీద సబ్బవరం చుట్టాలు డజను మంది. ముందు బంతిదండతో వరహాలు. "అదిగో అప్ప!" అని వేలు చూపించాడు. అందరూ పైకి చూసి ఒక్కసారి గొల్లుమన్నారు. ఏడుస్తూనే కదిలే మెట్లెక్కారు. బతుకులో మొదటిసారి ఆ మెట్లెక్కిన పోతమ్మ, తాను నడవకుండానే పైకి పోతున్న సంగతి గమనించనే లేదు.

"ఓలమ్మో! నన్నొగ్గీసి ఎలిపోనావా నాయనో!"

షోరూము మేనేజరు ఎదురొచ్చాడు. లోపల పెళ్ళికూతురి బట్టల్లో అమ్మాయి, బయట పూలదండతో చుట్టాలు. అతనికి అన్నీ సరిపోయాయి. "పెళ్ళివారొచ్చారు, కుర్చీలేయండి! బాదంపాలు తీసుకురండి!" అని కేకేశాడు. అమ్మకాల అమ్మాయి పోతమ్మ భుజం పట్టుకుని, "ఊరుకోండి మామ్మగారూ, అప్పగింతలకి ఇంకా టైముంది" అని ఓదార్చింది.

పోతమ్మ ఆ అమ్మాయిని తోసేసి మనవరాలి ముందుకొచ్చి నిలబడిపోయింది.

"నీ బాబు సస్తే ఈ ఎర్రబట్టలేటే నీకు?"

నిఖిత పాపిటబిళ్ళ పీకేసింది. "నాన్నకేటయ్యింది? అమ్మా, నాన్నకేటయ్యింది? అందుకేనా నువ్వొచ్చేవు?" అంటూ తల్లిని పట్టుకుని కుదిపేసింది.

ఇక్కడే పైడితల్లి ఒక్క నిముషం ఆలోచించి ఉంటే అన్నీ సర్దుకునేవి. కానీ ఎదురుగా డజను మంది చుట్టాలు ఏడుస్తున్నారు. దండ కూడా తెచ్చారు. ఇంతమందికి తెలిసిన వార్త అబద్ధం ఎలా అవుతుంది? క్రేను అంత ఎత్తు. తీగలు తెగుతాయి. గాలి వీస్తుంది. ఇన్నాళ్ళూ తాను ఊహించినవన్నీ ఒక్కసారే జరిగి ఉంటాయి.

"ఎప్పుడురా తమ్ముడూ?" అని గుండెలు బాదుకుంది. "ఎలా పోనాడురా మీ బావ? నాకొక్క ముక్కయినా సెప్పనేదేట్రా?"

వరహాలు ఏడుపు సగంలో ఆగిపోయింది. "నాకేటి తెలుసప్పా? నువ్వే కదా పిలిసేవు!"

"నాకు సెప్పిందెవలు?"

"నాకు సెప్పింది నువ్వే!"

"నానేటి సెప్పేను?"

"ఏటీ సెప్పనేదు! అందుకే కదా వచ్చేం!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అంతలో కదిలే మెట్ల మీద నుంచి ఇంకో ఏడుపు వినబడింది. బరువైన మగగొంతు. తల నుంచి కాలిదాకా నల్లగా, కళ్ళ కింద మాత్రం రెండు తెల్లటి చారలతో ఒక ఆకారం మెల్లిగా పైకి తేలి వస్తోంది. చుట్టాల్లో ఇద్దరు "ఓలమ్మో" అని వెనక్కి తగ్గారు. పోయినవాడే వస్తున్నాడనుకున్నారు.

పోయినవాడే వచ్చాడు. తవిటయ్య డ్యూటీ దిగి, ఫోన్ తెరిచి, భార్య వెక్కిళ్ళు విన్నాడు. ఫోన్‌లో చెప్పలేనంటోంది అంటే ఎవరో పోయినట్టే, అయినవాళ్ళలో వయసు మళ్ళింది తన తల్లి ఒక్కతే. ఒంటి మీద బొగ్గు కూడా కడుక్కోకుండా, "అమ్మా, కడసూపయినా దక్కనేదే" అని ఏడుస్తూ బండి మీద వచ్చేశాడు.

మెట్ల చివర తల్లీ కొడుకూ ఎదురెదురు పడ్డారు.

"నువ్వు పోనావనుకున్నానే!" అన్నాడు తవిటయ్య.

"నానా? ముందు పోనోడివి నువ్వు కదరా!" అంది పోతమ్మ. అని వీపు మీద రెండు దెబ్బలేసి, తర్వాత కౌగిలించుకుంది. ఆమె తెల్లచీర మీద కొడుకు ఆకారం నల్లగా పడింది.

మేనేజరు బాదంపాల ట్రేతో సందులోంచి తల పెట్టాడు. "వియ్యంకుడుగారా అండీ?"

అందరూ తలో గ్లాసూ తీసుకుని పైడితల్లి వైపు తిరిగారు.

"సచ్చిందెవలూ నేరు," అన్నాడు వరహాలు. "మరి మమ్మల్ని ఎందుకు పిలిసేవప్పా?"

పైడితల్లి కూతురి వంక చూసింది. నిఖిత కళ్ళు తుడుచుకుంటూ తననే చూస్తోంది. ఇప్పుడు నిజం చెబితే బట్టల మోజుకి పోయిన పిల్ల కాస్తా లేచిపోయిన పిల్లయి కూర్చుంటుంది. సబ్బవరం అరుగు మీద ఆ మాటకి కాళ్ళొస్తాయి. రేపటి నుంచి కాలేజీ ఉండదు. బతుకంతా భయాలు పుట్టించిన ఆమె బుర్ర, మొదటిసారి వేరే పనికి ఉపయోగపడింది.

"మేనమావ నేకండా ఆడపిల్లకి పట్టుబట్టలు ఎవలు కొంటార్రా? అందుకే పిలిసేను."

"మరి ఫోన్లో ఏడిసేవేటి?"

"దీన్ని ఈ బట్టల్లో సూసీసరికి కన్నీలాగనేదు." ఈ ముక్క మాత్రం అచ్చంగా నిజం.

"అదే సెప్పొచ్చు కదా! ఫోన్లో సెప్పనేనన్నావెందుకు?"

"బట్టలు కొనాలని సెప్తే నువ్వు వత్తావేట్రా?"

చుట్టాలందరూ వరహాలు వైపు చూశారు. అందరూ కాసేపు ఆలోచించారు. రాడు. పోతమ్మే ముందు నవ్వింది. తవిటయ్య బొగ్గు ముఖంలో పళ్ళు తెల్లగా మెరిశాయి. మేనేజరు టేపు తీసుకుని వరహాలు పక్కన చేరాడు. లెహంగాకి కట్టిన ధర చీటీ తిరగేసి చూసి వరహాలు నిజంగానే గుండె పట్టుకున్నాడు. గజాలాయే జాలిపడి, "అంకుల్, కింద ఇంతకన్నా చవకవి ఉన్నాయి, రండి" అని పట్టుపరికిణీల దగ్గరికి తీసుకుపోయింది.

"సావుకి కొన్న దండ ఇంటికట్టుకెల్లకూడదు" అని పోతమ్మ గుర్తుచేసింది. వరహాలు అటూ ఇటూ చూసి, దాన్ని షేర్వానీ వాడి మెడలో వేసేశాడు. తల అడ్డు లేదు గనక సులువుగానే పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి ఫోన్ ఛార్జింగు పెడుతూ నిఖిత అందులో తెరిచి ఉన్న తన పెళ్ళికూతురి స్టేటస్‌నీ, ఆ వెంటనే తనకీ మామకీ చేసిన ఫోన్లనీ చూసింది. తల్లి ఏమనుకుందో అర్థమైంది. వారమంతా తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ మౌనం చూసి పైడితల్లికి నిద్ర పట్టలేదు. పిల్ల తనని ఎన్నటికీ క్షమించదేమో అనుకుంది.

శనివారం వరహాలు ఫోన్ చేశాడు. స్పీకర్‌లోంచి అరుగంతా మాట్లాడింది.

"అప్పా, రేపు మల్లా మాల్‌కి వత్తన్నాం. దాలయ్య యాన్ మాటాడీసినాను. ఈపాలి ఇరవైమందిమి. అత్తయితే ఆ మెట్లెక్కుతానని ఒకటే గోల. మొన్న ఏడుత్తా ఎక్కిందంట, సరిగ్గా సూడనేదంట."

పైడితల్లి గుండెల మీద బరువు దిగిపోయింది. ఇక పిల్ల ఒంటరిగా తిరగదు. ప్రతి అంతస్తులోనూ మనిషుంటాడు. ఉత్సాహంగా కూతురి దగ్గరికి పోయింది.

"ఇంక నాకు బెంగనేదే. మనోల్లంతా అక్కడే ఉంటారు. రేపు నువ్వెన్ని గంటలకెల్తావు?"

నిఖిత పుస్తకంలోంచి తలెత్తలేదు.

"గజాలా వత్తాదా?"

నిఖిత పెన్సిలుతో ఒక లైను కింద గీత గీసింది. బయట రోడ్డు మీద బస్సులు పోయాయి. కుక్కరు కూత వేసింది. పైడితల్లి వెళ్ళి పొయ్యి కట్టేసి మళ్ళీ వచ్చి నిలబడింది. ఆ కాసేపట్లో ఆమెకి నాలుగైదు కొత్త భయాలు పుట్టి, పెరిగి పెద్దవయ్యాయి.

"సెప్పవే, ఎల్తావా, ఎల్లవా?"

నిఖిత పేజీ తిప్పింది.

"ఎల్లనమ్మా. అక్కడికి ఎవలుపడితే ఆలు వత్తన్నారు. అది ఆడపిల్లలు ఎల్లే సోటు కాదు."